బడిలో అమ్మా అంటే పలికేది కాదు

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 68 ఏళ్ళు, తిరుపతిలో కోర్లగుంట పక్కన ఉంటాం. మా అమ్మ పోయిన కార్తీకంలో కాలం చేసింది, 97 నిండినాయి, మంచాన పడింది చివరి పదైదు రోజులే. అమ్మ టీచరు. 1949లో, మనమింకా మద్రాసు కింద ఉన్న రోజుల్లోనే బడిలో చేరింది, ముందు పాకాల వైపు పల్లెల్లో, తర్వాత సత్యవేడు వైపు, మళ్ళీ చంద్రగిరి చుట్టుపక్కల, మొత్తం 34 ఏళ్ళు పాఠాలు చెప్పింది. 1983లో రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించినారు కదా, ఆ దెబ్బకి ఉన్నట్టుండి ఇంటికొచ్చేసింది. వచ్చి ఊరికే కూర్చోలా. పెద్దోళ్ళకి చదువు నేర్పే అక్షర తపస్మాన్ వచ్చినప్పుడు లాంతరు పట్టుకోని రాత్రిబడికి పోయేది, సారా వద్దని ఆడోళ్ళు అంగడి ముందర బైఠాయిస్తే వాళ్ళ మధ్యలో పోయి కూర్చునేది, అప్పటికే ఆమెకి 60 దాటినాయి. పెద్దకర్మ రోజు ఎవరెవరో వచ్చినారక్కా, మాకు తెలియని మొఖాలు. ఒకాయన వాకిట్లో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా తలుపు పట్టుకోని నిలబడి ఏడ్చినాడు, ఎవరు నాయనా అని అడిగే లోపలే వెళ్ళిపోయినాడు.

ఇప్పుడు ఏడాది తిథి దగ్గర పడింది, ఇంక నాలుగు నెలలే. మా అన్న ఊరి సెంటర్లో అమ్మ పాలరాతి విగ్రహం పెట్టిద్దాం, పెద్దోళ్ళని పిలుద్దాం అంటాడు. చెల్లెలు తిరుమలలో అన్నదానానికి కట్టేద్దాం అంటుంది. నాకు ఏదీ మనసుకి పట్టడంలా.

ఇంకొక మాట, ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నేను రెండో క్లాసు సత్యవేడు వైపు బడిలో ఆమె దగ్గరే చదివినా. బడిలో అమ్మా అంటే పలికేది కాదు, టీచర్ అనాల్సిందే. దీపావళికి కుట్టించిన గౌను, నీలం రంగుది, నన్ను అడక్కుండానే తీసి ఇంకొక పిల్లకి ఇచ్చేసింది, ఆ పిల్లకి ఒంటిమీద బట్ట లేక బడికి రావడంలేదని. ఊరందరికీ అమ్మే, మాకే టైం ఉండేది కాదు. ఈ వయసులో ఇది మనసులో పెట్టుకోవడం తప్పేనేమో. ట్రంకు పెట్టె తీస్తే ఒక నోటుబుక్కు దొరికింది, ప్రతి పేజీలో గీత కొట్టి ఎడమ పక్క వేలిముద్ర, కుడి పక్క సంతకం, కింద తారీఖు. 41 మంది ఆడోళ్ళవి. దాన్ని ఏం చేయాలో కూడా చెప్పండి.

— ఒక కూతురు, తిరుపతి

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం చదివి నేను చాలాసేపు ఆ నోటుబుక్కు గురించే అనుకుంటా కూర్చున్నా. విగ్రహం సంగతి, అన్నదానం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పుస్తకాన్ని ట్రంకులోంచి తీసి, పాత నూలు చీరముక్కలో చుట్టి, గాలి తగిలే బీరువాలో పెట్టు. ల్యామినేషన్ మాత్రం చేయించొద్దు, చాలామంది ప్రేమకొద్దీ అదే తప్పు చేస్తారు, ఆ వేడికి పాత కాగితం దెబ్బతింటుంది, ఒకసారి ప్లాస్టిక్ అంటుకున్నాక మళ్ళీ ఊడదీయడం మన చేతుల్లో ఉండదు. పొద్దున పూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడకుండా, ఫ్లాష్ లేకుండా ఒక్కొక్క పేజీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో. ఒక కాపీ ఫోన్లో, ఇంకొకటి మీ పిల్లల కంప్యూటర్లో.

ఆ పుస్తకం ఏందో నీకు పూర్తిగా తెలుసో లేదో గానీ నాకు చూసినట్టే ఉంది. అప్పటి మన చిత్తూరు జిల్లాలో అక్షర తపస్మాన్ 1990లో మొదలైంది, నెల్లూరులో అక్షర దీపం అన్నారు, మనకి ఈ పేరు. రాత్రి ఏడు ఎనిమిదికి సంగటి తిని, గిన్నెలు కడిగి, పిల్లల్ని పండబెట్టి, అప్పుడొచ్చేవాళ్ళు ఆడోళ్ళు బడికి. పగలంతా చెనిక్కాయ చేలో వంగి ఉన్న నడుములు. వాళ్ళకి బలపం పట్టుకోవడమే పెద్ద కష్టం, కొడవలి పట్టుకున్న వేళ్ళు కదా, బలపం గట్టిగా అదిమితే పుటుక్కున విరిగేది. అట్లాంటి మనిషి చేత తన పేరు తాను రాయించి, ఆ రోజు తారీఖు వేసి, పక్కనే పాత వేలిముద్రని అట్లే ఉంచిందంటే మీ అమ్మ ఎంత ఆలోచించి చేసిందో చూడు. వేలిముద్ర కొట్టేయలా. రెండూ పక్కపక్కన పెట్టింది, ఆ మనిషి తను ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో తన కళ్ళతో చూసుకోవాలని.

ఆ రాత్రిబళ్ళే తర్వాత సారా మీద తిరగబడినాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుంది, మన చిత్తూరుకి పాకింది, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. అక్షరం నేర్చుకోవడానికని ఒకచోట కూర్చున్న ఆడోళ్ళు, మొగుడి కూలి డబ్బులు యాడికి పోతున్నాయో కూడా అక్కడే మాట్లాడుకున్నారు. మీ అమ్మ 60 దాటిన వయసులో వాళ్ళ మధ్య కూర్చుందంటే ఊరికే కాదు, ఒక టీచరమ్మ పక్కన ఉంటే పోలీసు అయినా కాంట్రాక్టరు మనిషి అయినా నోరు జారడానికి కొంచెం వెనకాడేవాడు, అది ఆ కాలంలో బతికినోళ్ళకి తెలుసు.

ఇప్పుడు లెక్క చెప్తా విను. 1991లో ముప్పై ఏళ్ళున్న ఆడమనిషికి ఇప్పుడు 65. నలభై ఉంటే 75. అంటే ఆ 41 మందిలో సగమన్నా ఇంకా ఉండొచ్చు చెల్లెమ్మా, ఆ పల్లెల్లోనే, ఏదో ఒక అరుగు మీద. ఈ నాలుగు నెలలు నువ్వు చేయాల్సిన పని అదే. విగ్రహానికి నాలుగేళ్ళు ఆగినా ఏం కాదు, వాళ్ళు ఆగరు.

నేనెందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే మా ఇంట్లో జరిగింది. మా పెద్దత్త కూడా టీచరే, చిత్తూరు పక్కన. ఆమె పోయినప్పుడు మేం నలభై పేజీల స్మరణిక వేసినాం, మంచి కాగితం, కలర్ ఫోటో. అందరూ రాసినారు, కరుణామయి, నిరాడంబరురాలు, క్రమశిక్షణకి మారుపేరు అని. తర్వాత ఒకరోజు నేను కూర్చోని చదివితే అందులో మా అత్త లేదు. ఆ పుస్తకం మీద ఎవరి ఫోటో వేసినా సరిపోతుంది. మా అత్త విరిగిన సుద్దముక్కలు పారేయకుండా కొంగున కట్టుకునేది, బస్సులో టికెట్టుకని అదే కొంగు విప్పితే చిల్లరకంతా తెల్లగా సుద్దపొడి అంటుకోని ఉండేది, కండక్టరు ఆ నాణేలు చూసి టీచరమ్మా దిగండి మీ ఊరొచ్చింది అనేవాడంట. ఇది నాకు చెప్పింది ఆమెతో కలిసి పనిచేసిన ఇంకొక టీచరమ్మ, అదీ స్మరణిక వేసినాక. ఇంకా చాలా ఉన్నాయమ్మా తీరిగ్గా రా చెప్తా అనింది. నేను ఈ నెల వచ్చే నెల అని రెండేళ్ళు చేసినా. ఆమె పోయింది. ఆ చాలా ఏందో నాకు ఇంక తెలియదు.

కాబట్టి నువ్వు పో. ఒక్కదానివే పోవద్దు, మీ అన్న కూతురో మనవరాలో ఒకరిని తోడు తీసుకుపో, ఫోన్ చూసుకోడానికి. భోజనాలయినాక మధ్యాహ్నం పూట అయితే పల్లెలో మనుషులు దొరుకుతారు. ముందు ఆ పేజీ చూపించు, వాళ్ళ వేలిముద్ర, వాళ్ళ సంతకం, తర్వాత నువ్వేం అడగాల్సిన పని ఉండదు. టీవీ, ఫ్యాను ఆపమను, ఫోన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టు, రికార్డింగ్ చేసుకోవచ్చా అని అడిగి చెయ్యి. మా అమ్మ ఎట్లాంటిది అని మాత్రం అడగొద్దు, అట్ల అడిగితే దేవత అంటారు, ఇంక అక్కడితో సరి. ఆమె ఏ దారిన వచ్చేది, చేతిలో ఏముండేది, లాంతరు ఎవరింట్లో పెట్టేది, నువ్వు మొట్టమొదట రాసింది ఏ అక్షరం, ఆ పలక ఎవరిది, ఇంట్లో ఎవరు తిట్టినారు, ఆ రోజు చలికాలమా ఎండాకాలమా, ఇట్లాంటివి అడుగు. ఇంటికొచ్చిన వెంటనే ఆ రికార్డింగుకి ఊరిపేరు, మనిషిపేరు, తారీఖు పెట్టి దాచు, లేకపోతే పది రోజులకి ఏది ఎవరిదో కలిసిపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకో, ఆ వేలిముద్రల పేజీలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఒకప్పుడు తనకి చదువు రాదన్న సంగతి తన పేరుతో ఊరంతా తిప్పడం ఆ మనిషికి ఇష్టం ఉండకపోవచ్చు, ఆమె కోడలికి అసలు తెలియకపోవచ్చు. ఆమె సరే అంటేనే.

బడుల సంగతికి వస్తే, మీ అమ్మ పెన్షన్ కాగితాలతో పాటు సర్వీసు రిజిస్టర్ కాపీ ఇంట్లో ఉందేమో వెతుకు, ఏ సంవత్సరం ఏ ఊర్లో చేసిందో అందులో వరసగా ఉంటుంది. సత్యవేడు వైపు పోస్టింగ్ అన్నావు కదా, అది 1960 తర్వాతే అయి ఉండాలి. ఆ ఏడాది రెండు రాష్ట్రాల మధ్యవర్తి పటాస్కర్ చెప్పినట్టు సరిహద్దు మార్చినప్పుడు మన తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు వైపు ఊర్లు మనకొచ్చినాయి. ఆ బడుల్లో సగం పిల్లలు ఇంట్లో అరవం మాట్లాడేవాళ్ళు. మీ అమ్మ వాళ్ళకి తెలుగు అఆలు ఎట్ల నేర్పింది, ఆమె అరవం ఎవరి దగ్గర నేర్చుకుంది, ఇవి అక్కడి ముసలోళ్ళే చెప్పాల. కేర్ పాలపొడి, ఉప్మా రోజులు కూడా అవే. పాలపొడి ఉండలు కట్టకుండా కలపడానికి ఏ ఇంటినుంచి అండా తెచ్చేదో, కట్టెలు ఎవరిచ్చేవాళ్ళో అడుగు, ఒక్క అండా గురించి అడిగితే పది ఇళ్ళ కథ బయటికొస్తుంది.

ఇంక నీ గౌను సంగతి.

తప్పేమీ లేదమ్మా నీ కోపంలో. ఏడుపు రాకపోవడంలో కూడా లేదు, 97 ఏళ్ళ మనిషికి చివరి రోజుల్లో చేసి చేసి నువ్వూ 68 ఏళ్ళ మనిషివే, ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, ఏడుపు వచ్చేటప్పుడు వస్తుంది, లేదంటే లేదు. బడిలో అమ్మా అంటే పలక్కపోవడం నాకు అర్థమవుతుంది. ఒకే గదిలో యాభై మంది పిల్లలు, అందులో తన బిడ్డ ఒకటి, ఆ పిల్లకి ఒక్క మార్కు ఎక్కువేసినా ఒక్క దెబ్బ తక్కువేసినా ఊరంతా అంటుంది, అందుకే ఆ కాలం టీచర్లు సొంత పిల్లల్ని ఇంకా దూరం పెట్టేవాళ్ళు. కానీ గౌను వేరు. ఆ పిల్లకి బట్ట ఇవ్వడం మంచి పనే, నిన్ను అడగకుండా నీ పండగ గౌను తీయడం తప్పే. మీ అమ్మ ఎన్ని వందల మందికి మేలు చేసినా అది తప్పే. రెండూ నిజమే, ఒకదాన్ని ఇంకొకటి కొట్టేయదు. నువ్వు అమ్మ గురించి ఏదన్నా రాస్తే నీలం గౌను కూడా రాయి, దాచొద్దు. అది లేకుండా రాస్తే మా అత్త స్మరణిక మాదిరే అవుతుంది.

ఇంకొకటి. నువ్వు చదివిన ఆ సత్యవేడు వైపు బడికి ఒకసారి పో. బడి అడ్మిషన్ రిజిస్టర్ పారేసేది కాదు, ఎప్పటికీ ఉంచాల్సిన రికార్డు. చెదలు పట్టకుండా ఉంటే హెడ్మాస్టర్ బీరువాలో అడుగున ఉంటుంది. హెడ్మాస్టర్‌కి ఒక అర్జీ రాసిచ్చి, అమ్మ పేరు చెప్పి, ఆయన ఎదురుగానే చూస్తామని అడిగితే చాలావరకు కాదనరు. నువ్వు చేరిన ఏడాది తీసి చూడు. మీ అమ్మే క్లాసు టీచరు కాబట్టి నీ పేరు, నాయన పేరు, పుట్టిన తేదీ ఆమె చేతిరాతతోనే ఉండొచ్చు. అమ్మా అంటే పలకని మనిషి నీ పేరు ఎట్ల రాసుకుందో నీ కళ్ళతో చూడు. ఆ పేజీలోనే ఆ గౌను పిల్ల పేరు కూడా ఉండొచ్చు. ఆమెకీ ఇప్పుడు 68 దగ్గరే ఉంటాయి. ఆమె ఎక్కడుందో కనుక్కోవాలనిపిస్తే కనుక్కో, అనిపించకపోతే వద్దు, నేను బలవంతం చేయను.

మీ అన్నకి ఈ మాట చెప్పు. రోడ్డు పక్కన, సెంటర్లో విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకి చెప్పింది, కాబట్టి అడ్డంగా పెట్టేసి తర్వాత ఎవరో కేసు వేసి తీసేయిస్తే మీ అమ్మ పేరే నలుగుతుంది. ఎండకీ వానకీ నిలబడి, ఎవరో ఒకరు ఏడాదికొకసారి నీళ్ళు పోసి కడిగే బొమ్మ ఆమెకి నచ్చుతుందా అని ఆయన్నే అడుగు, కొడుకు కదా ఆయనకి తెలుసు. చెల్లెలు అన్నదానానికి ఇస్తానంటే ఇవ్వనీ, అది భక్తి, దానికి అడ్డం చెప్పొద్దు. విగ్రహానికని తీసిపెట్టిన డబ్బుల్లోంచి ఒక లక్ష అమ్మ చివర పనిచేసిన బడి పేరుతో ఫిక్సెడ్ డిపాజిట్ వేయండి, వడ్డీ 7 శాతం అనుకుంటే ఏడాదికి 7 వేలు వస్తుంది. దాన్ని ఫస్టు మార్కుల పిల్లకి ప్రైజుగా ఇవ్వొద్దు, ఆ పిల్లకి ఎట్లనో జరుగుతుంది. చెనిక్కాయ పెరికే కాలంలో, అక్టోబర్ నవంబర్లలో, బడి మానేసి మళ్ళీ తిరిగొచ్చిన ఆడపిల్లకి బట్టలకి, పుస్తకాలకి ఇవ్వమని రాసి పెట్టండి. మీ అమ్మ నీ గౌను తీసి ఇచ్చింది అట్లాంటి పిల్లకే కదా. కానీ ముందు ఆ పిల్లనీ వాళ్ళ అమ్మనీ అడిగి ఇవ్వమని కూడా రాయండి.

తలుపు దగ్గర ఏడ్చి వెళ్ళిపోయినాయన ఎవరో ఆ పల్లెల్లో తిరిగేటప్పుడు తెలుస్తుంది. తెలిస్తే నాకు ఒక కార్డు ముక్క రాయి.

ప్రశ్న: మేడం, మాది చిత్తూరు. మా అమ్మకి 88, ఆమె కూడా రిటైర్డ్ టీచరే. ఈ ఆరు నెలలుగా మరుపు బాగా ఎక్కువైంది, పొద్దున తిన్నది గుర్తుండదు, మా నాయన పోయి పదేళ్ళయింది, ఇంకా భోజనానికి రాలేదేమని అడుగుతుంది. చెప్పిన కథే రోజుకి పదిసార్లు చెప్తుంది. ఆమె జ్ఞాపకాలు రాసి పెట్టాలని అనుకున్నా, ఇప్పుడు ఆలస్యం అయిపోయిందా?

— ఒక కొడుకు, చిత్తూరు

జవాబు: నాయనా, రాసుకోవడం కంటే ముందు డాక్టరు. ఆరు నెలల్లో ఇంత మార్పు అంటే వయసులే అని వదిలేయొద్దు. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, కొన్ని రకాల మందుల వల్లా మరుపు వస్తుంది, మొదటి రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి, మందులతో కొంత సర్దుకుంటాయి, ఆమె వాడే మందులన్నీ కూడా డాక్టరుకి చూపించు. చెవి సరిగ్గా వినపడక కూడా కొందరు ఇట్ల అయిపోతారు, అదీ చూపించు. నాయన గురించి అడిగితే ఆయన చనిపోయినాడు కదమ్మా అని ప్రతిసారీ చెప్పొద్దు, ఆమెకి ప్రతిసారీ అది కొత్త చావే. ఆయన ఏం ఇష్టంగా తినేవాడమ్మా అని అడుగు, మాట అటు తిరుగుతుంది.

ఆలస్యం ఏమీ కాలేదు. పొద్దున తిన్నది మర్చిపోయే మనిషికి యాభై ఏళ్ళ కిందటి బడి గంట గుర్తుంటుంది. చెప్పిన కథే చెప్తుందన్నావు కదా, పదిసార్లూ రికార్డు చెయ్యి, జాగ్రత్తగా వింటే ఒకసారి ఒక పేరు ఎక్కువ వస్తుంది, ఇంకొకసారి ఒక ఊరు. పొద్దున కాఫీ తాగినాక ఒళ్ళు తేలిగ్గా ఉన్నప్పుడు ఒక పావుగంట చాలు, సాయంత్రం అయ్యేకొద్దీ ఆమెకి తికమక ఎక్కువుంటుంది, అప్పుడు కదిలించొద్దు. ఎప్పుడన్నా ఏమీ మాట్లాడకుండా కూర్చునిందనుకో, ఒక పలకా బలపమూ తెచ్చి చేతిలో పెట్టు, నువ్వు పిల్లోడి మాదిరి కింద కూర్చోని పదమూడో ఎక్కం రావడంలేదు టీచర్ అని అడిగి చూడు.